అవతలి బండ పోయిన దిక్కు

మా మేనత్త పోయింది. ఆ కబురు వచ్చేసరికి నేను కందిపప్పు తూస్తున్నాను. జనగామలో మా కిరాణా కొట్టుకు పొద్దున పూటే గిరాకీ ఎక్కువ. ఫోను మోగుతుంటే చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని "ఆఁ, చెప్పు" అన్నాను. మహబూబాబాద్‌లో అత్త ఇంటి కింది వాటాలో అద్దెకుండే కండక్టరమ్మ చేసింది. రోజూ బస్సు డ్యూటీకి పోతూ అత్తను ఒకసారి పలకరించి పోతుందామె.

"అక్కా, మేడమ్ లేస్తలేదు. కిటికి కాడ కుర్చీలనే కూసున్నది. చెయ్యి పట్టుకుని చూసిన. సల్లగున్నదక్కా."

తక్కెట్లో ఉన్న పప్పు పొట్లం కట్టి గిరాకీ చేతికిచ్చి, అప్పుడు కూర్చున్నాను. ఏడుపు వెంటనే రాలేదు, కోపం వచ్చింది. "ఆదివారం వస్తున్న, వంట చెయ్యకు" అని నిన్ననే కదా చెప్పాను. ఆదివారం దాకా ఆగలేకపోయిందా? జీవితమంతా అందరికీ "నిమ్మలంగ, నిమ్మలంగ" అని చెప్పిన మనిషికి ఇప్పుడేం తొందర వచ్చిందని ఆ కుర్చీ ముందు నిలబడి అడగాలనిపించింది. అడిగాను కూడా, అక్కడికి పోయాక. కండక్టరమ్మ నా వీపు నిమిరింది.

మీలో చాలామందికి ఆమె తెలియదు. పేపర్లో పడే మనిషి కాదు. డిగ్రీ కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పేది. మా బాపుకు ఒక్కగానొక్క చెల్లెలు. పప్పులూ బెల్లమూ నూనే అమ్ముకునే మా ఇంట్లో బండల గురించి చదివిన మొదటి మనిషి, ఇప్పటికైతే చివరి మనిషి. చదువుకున్న రోజుల్లో భుజాన సంచీ, సంచీలో సుత్తి వేసుకుని బస్సెక్కుతుంటే బజారంతా చూసేదట. పెళ్ళి సంబంధాలు వచ్చాయి, పోయాయి. కొన్ని వాళ్ళు వద్దన్నారు, ఎక్కువ ఈమే వద్దంది. కొన్నేళ్ళకు అడిగేవాళ్ళే మానుకున్నారు.

మా బాపుకు ఆ చదువు సంగతి ఎప్పుడూ అర్థం కాలేదు.

"బండలల్ల ఏమున్నదే? బంగారమా?" అనేవాడు.

"అవి ఎట్ల విరిగినయో ఉన్నదన్నా."

"విరిగినయి, విరిగినయి. ఇప్పుడు నువ్వు పోయి అతుకవెడుతవా?"

ఆమె నవ్వేది. అన్న మీద ఆమెకు కోపం రావడం నేను చూడలేదు. కానీ ఆ మాట తర్వాత పోయి కొట్టు వెనక గోదాములో బస్తాల మీద కూర్చునేది. నేను పోయి పక్కన కూర్చుంటే అప్పుడు బండల ముచ్చట మొదలుపెట్టేది.

ఒక చలికాలం పొద్దున కొట్లోని బెల్లం దిమ్మ ఒకటి తీసుకుని గడప మీద పెట్టి, తూకం రాయితో ఒక్కటేసింది. దిమ్మ పగిలి ముక్కలు నలుదిక్కులా ఎగిరాయి. ఇంకో దిమ్మను కాసేపు పొయ్యి దగ్గర పెట్టి, వెచ్చబడ్డాక రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ఒత్తింది. అది విరగలేదు, వంగింది.

"చూసినవా? రాయి గూడ గంతే. భూమి లోపల, వేడిల, నిమ్మలంగ ఒత్తితె వంగుతది. పైన, సల్లగున్న కాడ, ఒక్కపారి ఒత్తితె పగులుతది. గుట్టల వంగిన పొరలు చూస్తె అది లోపలున్నప్పటి కథ. పగుళ్ళు చూస్తె పైకొచ్చినంక కథ."

బాపు లోపలి నుంచి పరుగెత్తుకొచ్చాడు. "అది అమ్మే సరుకే! నీ పాఠానికి నా కొట్టే దొరికిందా?" అని ఒకటే అరుపులు. ఆ రోజు మా ఇంట్లో పరమాన్నం. బాపు రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు, తింటూ కూడా తిట్టాడు.

మా నేల సంగతి కూడా నాకు ఆ గోదాములోనే తెలిసింది. పక్కపక్కనే పేర్చిన రెండు బస్తాల వరుసలు చూపించింది. ఒక వరుస కింద చెక్క తీసేస్తే ఆ వరుస జారి కుంగుతుంది కదా, పక్క వరుస ఉన్నచోటే ఉంటుంది. మా జనగామ, మహబూబాబాద్ దిక్కు నేల కదలని వరుస. చాలా పాతది, గట్టిది. భూపాలపల్లి దిక్కు నేల ఎప్పుడో కోట్ల ఏళ్ళ కింద కుంగింది. కుంగిన చోట ఏర్లు ఇసుక తెచ్చి పోశాయి, అడవులు పడి కప్పబడ్డాయి, ఆ అడవులే ఇవాళ తవ్వుకుంటున్న బొగ్గు. ఈ రెండు వరుసలకూ నడుమ మైళ్ళకు మైళ్ళు పోయే పెద్ద పగులు ఉంది. పుస్తకాల్లో దాన్ని భ్రంశం అంటారట. కాలేజీలో పిల్లలకు అత్త ఆ పేరే చెప్పేది. నాకు మాత్రం పగులు అనే చెప్పింది.

అది ఒక్క గీతలాగా ఉండదు. రెండు బండలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కదిలినప్పుడు నడుమ ఉన్న రాయి నలిగి పిండి అవుతుంది, ఇసుర్రాయిలో పడ్డ గింజల్లాగా. కొన్నిచోట్ల ఆ పిండి కొట్టుకుపోయి, ఒరిసిన బండ ముఖం బయటపడుతుంది. అద్దంలా నునుపుగా, గీతలు గీతలుగా ఉంటుంది. అట్లాంటి బండ ఒకటి రేగొండ దాటాక ఒక అవ్వ మెట్ట చెలకలో ఉంది. చెలక నడుమ ఎర్రగా, గోడలాగా నిలబడి ఉంటుంది. ఏటా కొత్తగా చేరిన పిల్లలందర్నీ బస్సులో అక్కడికి తీసుకుపోయేది అత్త. నన్నూ రెండు మూడుసార్లు తీసుకుపోయింది.

ఆ బండ దగ్గర ఆమె పద్ధతి ఒకటుండేది. పిల్లల్ని పుస్తకం తియ్యనిచ్చేది కాదు. కళ్ళు మూసుకోమనేది. అరచెయ్యి బండకు ఆనించి పైకి ఒకసారి, కిందికి ఒకసారి జరపమనేది. పైకి జరిపితే చర్మానికి గరుకుగా తగిలేది. కిందికి జరిపితే చెయ్యి దానంతటదే జారిపోయేది.

"ఎటు నున్నగ ఉంటె అవతలి బండ అటు పోయినట్టు. అవతలిది ఇప్పుడు లేదు. మనకు దొరకది. ఉన్నదాన్ని తడిమి, పోయింది ఎటు పోయిందో చెప్పాలె. నిమ్మలంగ. చేతికి తెలిసేదాంక నోరు తెరవకుండ్రి."

పిల్లలు నోరు మూసుకుని బండను తడుముతుంటే చెలక అవ్వ గట్టు మీద కూర్చుని నవ్వేది. "ఏంది మేడమ్, గీ పోరగాండ్లతోని నా బండకు మాలీష్ చేపిస్తున్నవు" అనేది. ఆ అవ్వ ఇంటి చల్లతోనే మా అందరి సద్ది భోజనాలు అయ్యేవి.

మహబూబాబాద్‌లో అత్త ఇల్లు పట్టాలకు దగ్గర. కాజీపేట నుంచి విజయవాడ పోయే లైను కిటికీలోంచి కనిపిస్తుంది. ఆ కిటికీ గట్టు మీద రాళ్ళు వరుసగా పెట్టి ఉండేవి. ప్రతి రాయి మీదా ఒక బాణం, ఒక చుక్క. బాణం ఉత్తరానికి, చుక్క పైకి. రాయిని నేలలోంచి తీసేముందే ఆ గుర్తులు గీసేది, ఇంటికి తెచ్చాక నేలలో ఎట్లా ఉందో అట్లాగే గట్టు మీద పెట్టేది.

"గుర్తు పెట్టకుంట తీస్తె అది ఉత్త రాయి. ఎటు మొకమో, ఎటు కాళ్ళో తెల్వదు. ఇంటికి తెచ్చుకుని ఏం చేస్తవు? పచ్చడి నూరుకుంటవు" అనేది.

గూడ్సు బండి పోయినప్పుడల్లా ఆ ఇల్లు కొంచెం అదురుతుంది. బొగ్గు నింపిన బండి అయితే ఇంకొంచెం. రాళ్ళు ఇంత ఇంత పక్కకు తిరుగుతాయి. బండి పోయాక అత్త కుర్చీలోంచి లేచి, ఒక్కొక్క రాయినీ పట్టుకుని బాణాలన్నీ మళ్ళీ ఉత్తరానికి తిప్పి కూర్చునేది. అన్నం తింటున్నా సరే, ఎడమచేత్తో సరిచేసేది.

"అత్తా, ఉత్తరం ఎక్కడికి పోదు, తిను" అని నేను ఎగతాళి చేస్తే, "ఉత్తరం పోదు, నా రాళ్ళే పోతున్నయి" అనేది.

రిటైరయ్యాక కాలేజీలో ఆ సబ్జెక్టే ఎత్తేశారు. పిల్లలు చేరడం లేదని. బీరువాల్లో ఉన్న రాళ్ళను ఏం చేశారో ఎవరూ చెప్పలేదు. అత్త వెళ్ళి అడిగిందట, తెలియదన్నారట. ఆ సంగతి నాకు చెబుతూ వంకాయలు తరిగింది, కూర పొయ్యి మీద పెట్టింది, ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. ఇద్దరం చప్పటి కూర తిన్నాం. ఉప్పు లేదని నేను అనలేదు, ఆమె గమనించలేదు.

ఆ తర్వాత బండల గురించి మాట్లాడటానికి ఆమెకు మనిషి లేకుండా పోయాడు. నేనే దిక్కయ్యాను. పెసలో కందులో కొనడానికి దంతాలపల్లి దిక్కు పోయినప్పుడు అట్నుంచి అటే మా సరుకుల వ్యాను నడుపుకుంటూ అత్త దగ్గరికి పోయేదాన్ని. ఆమె చెప్పేది, నేను ఊఁ కొట్టేదాన్ని. సగం అర్థమయ్యేది, సగం ఆమె గొంతు కోసం వినేదాన్ని. గట్టి నేల ఎందుకు కుంగింది, ఎవరు గుంజారు, ఏ దిక్కుకు గుంజారు, ఇవన్నీ ఇంటి పంచాయితీ చెప్పినట్టు చెప్పేది. "పాపం, దానికి ఓర్సుకునే శక్తి అయిపోయింది" అనేది ఒక బండ గురించి. వింటుంటే నవ్వొచ్చేది.

పోయిన ఏడాది ఒకరోజు చాయ పోసి ఇచ్చాను. స్టీలు గ్లాసు, పొగలు కక్కుతోంది. నేను కొంగుతో పట్టుకున్నాను. ఆమె ఉత్త చేత్తో పట్టుకుని, గ్లాసు చుట్టూ వేళ్ళు బిగించి, ఏదో గుట్ట గురించి చెబుతూ కూర్చుంది. కాసేపటికి చూస్తే అరచెయ్యి ఎర్రగా కమిలిపోయి ఉంది.

"అత్తా! కాలుతలేదా?"

ఆమె చెయ్యి తిప్పి చూసుకుంది. ఎవరిదో చెయ్యి చూసినట్టు చూసింది.

"తెలుస్తలేదు బిడ్డా. కొద్దిరోజులాయె."

దవాఖానకు తీసుకుపోతే షుగరు నరాలను తినేసిందన్నారు. పోయిన స్పర్శ తిరిగి రాదన్నారు. చూపు కూడా మసకబారింది. ఇంటికి వస్తూ వ్యానులో నేనే వాగుతూ ఉన్నాను, మందులనీ, పథ్యమనీ. ఇంటి ముందు దిగేటప్పుడు మాత్రం అంది: "ఇగ నేను పిల్లలకు చెప్పను గద, మంచిదాయె." ఆ మాట అంటూ నవ్వబోయింది, నవ్వు రాలేదు.

ఈ చలికాలం పత్తి ఏరుడు అయిపోయాక రేగొండ అవ్వ ఫోను చేసింది. కొడుకులు చెలకలో నీళ్ళ కుంట తవ్విస్తున్నారట. మిషను పెట్టి బండ పక్కన మట్టి తీస్తే బండ ఇంకా కిందికి ఉందట, లోపలిది కొత్త అద్దంలా మెరుస్తోందట. కుంటకు అడ్డమొస్తోంది కాబట్టి బండను కొట్టించక తప్పదట.

"మేడమ్ బండ, మేడమ్ చూసినంకనే కొట్టుండ్రి అని ఆపిన. జర జల్ది రా మేడమ్. పోరగాండ్లు ఎన్నొద్దులు ఆగుతరు?"

మర్నాడే బయలుదేరాం. నర్సంపేట మీదుగా పోతున్నంతసేపూ అత్త ముందు సీట్లో చీర కుచ్చిళ్ళు పట్టుకుని కూర్చుంది. వ్యాను నిండా ఎండుమిర్చి ఘాటు, ఇద్దరం తుమ్ముతూనే ఉన్నాం. చెలకలో గుంత లోతుగా తీశారు. బండ కింది భాగం మనిషెత్తు కొత్తగా తేలింది. అత్తను పట్టుకుని మెల్లగా గుంతలోకి దించాను.

ఆమె కళ్ళు మూసుకుంది. చెయ్యి బండకు ఆనించింది. పైకి జరిపింది, కిందికి జరిపింది. మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి. తర్వాత చెంప ఆనించింది. చెంపతో కూడా ప్రయత్నం చేసింది, ఆమె. నేను అటు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకున్నాను. చెంప కిందే బండ, ఆమెకు అందడం లేదు.

"బిడ్డా, ఇటు రా. నువ్వు చూడు."

"నాకేం తెల్సు అత్తా?"

"పప్పుల చెయ్యి వెట్టి, చెమ్మున్నదా లేదా చెప్తవు గద. గట్లనే. కండ్లు మూసుకో."

నా మణికట్టు పట్టుకుంది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. నా అరచెయ్యిని బండ మీద పెట్టించి, పైకీ కిందికీ జరిపించింది.

"ఎటు నున్నగుంది?"

"కిందికి."

"ఆఁ. గంతే. కుంగింది." ఊపిరి వదిలింది. నేను చెయ్యి తియ్యబోతూ ఆగాను. వేళ్ళ కొసలకు ఇంకేదో తగిలింది. సన్నని గీతలు, అడ్డంగా.

"అత్తా, అడ్డం గూడ ఉన్నయి."

"ఏంది?"

"గీతలు. పైకి కిందికి పోయే పెద్ద గీతల మీద సన్నగ అడ్డం గీతలు. ఉత్తరం దిక్కు జరిపితె నున్నగున్నది. ఇటు జరిపితె గీరుకుంటున్నది."

నా మణికట్టు మీద పట్టు బిగిసింది.

"ఏది దేన్ని కోసింది? సరిగ చూసి చెప్పు. తొందరపడకు."

కళ్ళు తెరిచి, ముఖం దగ్గర పెట్టి చూశాను. కొత్తగా తేలిన బండ కదా, ఎండలో స్పష్టంగా కనిపిస్తోంది. నిలువు గీతలు ఎక్కడికక్కడ తెగి ఉన్నాయి. అడ్డం గీతలు ఎక్కడా తెగలేదు.

"అడ్డంవి నిలువు వాటిని కోసినయి."

"నిజంగ?"

"ఒట్టు."

అత్త గుంతలో అట్లాగే, మట్టి మీద కూర్చుండిపోయింది. "అయితె అడ్డం పోయిందే తర్వాత" అంది. "కుంగింది, అయిపోయింది, గంతే అని ఇన్నేండ్లు చెప్పిన. అయిపోలే. మల్ల కదిలింది. పక్కకు కదిలింది. ఎన్నడో, అందరు అయిపోయిందనుకున్నంక కదిలింది."

"మరి పైన ఆ గీతలు ఎందుకు లేవు?"

"వానకు, ఎండకు అరిగిపోయినయి." అంతలోనే పకపకా నవ్వింది. "లేకపోతె నేనే. ఏటేట పిల్లల్ని తోలుకొచ్చి, పైకి కిందికి రుద్దిచ్చి రుద్దిచ్చి అరగదీసిన్నేమో! అరె, సాక్ష్యాన్ని నా చేతులతోనే తుడిపిచ్చిన్నా?"

గట్టు మీద అవ్వకు ఏమీ అర్థం కాకపోయినా ఆమె కూడా నవ్వింది. అత్త నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. తప్పని తేలినందుకు అంత సంతోషపడ్డ మనిషిని నేను అదివరకు చూడలేదు. ఒక్క బండ మీదే తీర్పు చెప్పకూడదని మళ్ళీ తనే అంది. ఇంకోచోట కూడా చూడాలంది. అయినా గుంతలోంచి పైకెక్కుతుంటే నా భుజం మీద చెయ్యి వేసి, చిన్నపిల్లలాగా అంది: "చెప్పాలె బిడ్డా. నా పిల్లలందరికి చెప్పాలె. తప్పు చెప్పి పోతె ఎట్ల?"

ఆ సాయంత్రమే కిటికీ దగ్గర కూర్చుంది. ఆమె వేళ్ళకు ఫోను మీద అంకెలు అందవు కాబట్టి నేను కలిపి ఇచ్చాను. చాలా నంబర్లు పనిచెయ్యడం లేదు. కొన్ని మోగాయి, ఎవరూ ఎత్తలేదు. ఎత్తినవాళ్ళలో ఒకతను ఇప్పుడు బట్టల షాపు పెట్టుకున్నాడు, మేడమ్ అనగానే సంతోషపడ్డాడు, బండ అనగానే "ఏ బండ మేడమ్?" అన్నాడు. ఒకామె బ్యాంకులో ఉంది, లైన్లో జనం ఉన్నారని పెట్టేసింది. ఇంకొకతను చాలా ప్రేమగా, "అయ్యో మేడమ్, ఇప్పుడెందుకు అవన్నీ. ఆరోగ్యం జాగ్రత్త" అన్నాడు.

ఫోను పెట్టాక అత్త చాలాసేపు దాన్నే చూసింది. "ఆరోగ్యం సంగతి అడిగిన్నా నేను?" అంది. వాళ్ళ మీద కోపం కాదది. ఇంట్లో పరమాన్నం వండి పెట్టుకుని, తినడానికి రమ్మంటే ఎవరూ రాకపోతే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది ఆమె ముఖం.

ఆ తర్వాత కూడా, నేను పోయినప్పుడల్లా ఒకటి రెండు నంబర్లు కలిపించుకునేది. ఎవరూ పూర్తిగా వినలేదు. చివరికి ఒక ఆదివారం, "ఇగ చాలు. నీకైతె చెప్పిన గద" అంది. "నాకెందుకత్తా, నేనేమన్న పాఠం చెప్తనా?" అన్నాను. "నీ చెయ్యి చూసింది గద దాన్ని. ఉండనియ్యి నీ కాడ." నేను చాయ పెట్టడానికి లేచాను. అదే ఆఖరి ఆదివారం అని నాకేం తెలుసు.

పదో నాడు మాత్రం వాళ్ళందరూ వచ్చారు. కండక్టరమ్మ ఎవరికో చెప్తే వాళ్ళు ఇంకెవరికో చెప్పి, అత్త ఇంటి ముందు చెప్పులు నిండిపోయాయి. బట్టల షాపు అతను వచ్చాడు. బ్యాంకామె వచ్చింది. భూపాలపల్లి గనిలో సర్వే పని చేసే గడ్డపాయన వచ్చాడు. అతని నంబరు మేం చాలాసార్లు కలిపాం, మోగి మోగి ఆగిపోయేది. అందరూ ఆమె గురించి మంచిగానే చెప్పుకున్నారు. బస్సులో పాటలు, అవ్వ చల్ల, కళ్ళు మూయించడం. వింటూ తలుపు దగ్గర నిలబడ్డాను. ఇంతమంది ఉన్నారే, వీళ్ళలో ఒక్కరికి ఒక్క సాయంత్రం తీరితే ఏం పోయేదని లోపల కుతకుతలాడిపోయాను.

భోజనాలవేళకు రేగొండ అవ్వ వచ్చింది. రెండు బస్సులు మారి వచ్చింది. సంచీలోంచి పాత చీర పేలికలో చుట్టిన మూట తీసి నా ఒళ్ళో పెట్టింది. బరువుగా ఉంది.

"కొట్టిచ్చిన్రు బిడ్డా. నేనింక ఆపలేకపోయిన. మేడమ్‌కు ఇద్దామని గీ ముక్క దాచిన. ఇంతట్ల మేడమే లేకపాయె."

విప్పితే అరచెయ్యంత వెడల్పున బండ ముక్క. ఒక ముఖం నున్నగా మెరుస్తోంది. దాని మీద బాణం లేదు, చుక్క లేదు. పాపం, అవ్వకేం తెలుసు.

అందరూ చుట్టూ చేరారు. చేతులు మారింది. ఒక్కొక్కరే కళ్ళు మూసుకుని తడిమారు. బ్యాంకామె ఏడ్చింది. గడ్డపాయన ముక్కను అరచేతిలో అటూ ఇటూ తిప్పి, వెలుగులో చూసి, గోడకు ఆనించి నిలబెట్టాడు.

"గిది పైన. గిట్ల ఉండె. చూడుండ్రి, చెయ్యి కిందికెట్ల జారుతున్నదో. అచ్చం మేడమ్ చెప్పినట్టే."

అందరూ తలలూపారు. అవును, అవునన్నారు.

నాకు ఒక్కసారిగా ఒళ్ళు మండింది. "కాదు తమ్మీ" అన్నాను.

అతను నా వైపు చూశాడు. కొట్టు నడుపుకునే మనిషిని, నాకేం తెలుసునన్నట్టు కాదు, అర్థం కాక చూశాడు. నేను ముందుకు పోయి ముక్కను తీసుకుని, అతను నిలువుగా పెట్టిన సన్నగీతలు అడ్డంగా వచ్చేటట్టు తిప్పి, మళ్ళీ గోడకు ఆనించాను.

"గిట్ల ఉండె. నువ్వు తడిమింది పక్కకు పోయిన గీత. దాని కింద నిలువు గీతలున్నయి, తెగిపోయి ఉన్నయి, చూడు. మేడమ్ మీకు చెప్పింది ఆ నిలువు గీతల ముచ్చట. గీ అడ్డంవి తర్వాత వచ్చినయి. కుంగినంక మల్ల పక్కకు కదిలింది."

గడ్డపాయన వంగి చూశాడు. గోరుతో గీతలు తడిమాడు. చాలాసేపు చూశాడు.

"మేడమ్ మాకు గిట్ల చెప్పలే గదక్కా."

"చెప్పాలనే ఫోన్లు చేసింది. మీరు ఎత్తలే."

అనకుండా ఉండాల్సిందేమో. కానీ అనేశాను. అతని ముఖం మారిపోయింది. జేబులోంచి ఫోను తీసి చూసుకున్నాడు, అందులో ఏం వెతుకుతున్నాడో అతనికే తెలియనట్టు. చెమట పట్టిన అతని మణికట్టు పట్టుకుని అరచెయ్యిని బండ ముక్క మీద పెట్టించాను.

"కండ్లు మూసుకో. నిమ్మలంగ. అటు జరుపు. నున్నగుందా?"

"ఉందక్కా."

"అది ఉత్తరం."

అతను కళ్ళు తెరవలేదు. రెప్పల కింది నుంచి నీళ్ళు గడ్డంలోకి దిగాయి. తర్వాత బట్టల షాపు అతను చెయ్యి చాపాడు. తర్వాత బ్యాంకామె. ఒక్కొక్కరి మణికట్టూ పట్టుకుని జరిపించాను. అత్త ఉంటే ఎంత ముచ్చటపడేదో. ఆమె పిలిస్తే రాని పిల్లలందరూ ఆమె లేని ఇంట్లో బుద్ధిగా వరుసలో నిలబడ్డారు.

పొద్దు వాలేసరికి అందరూ పోయారు. అవ్వను బస్సెక్కించాను. కండక్టరమ్మ డ్యూటీకి పోయింది. కొట్టు ఎన్నాళ్ళు మూసి పెడతాను, నేనూ పోవాలి. ఇల్లూడ్చి, గిన్నెలు బోర్లించి, బొగ్గు ముక్కతో ఆ రాయి మీద ఒక బాణం గీశాను, పైన ఒక చుక్క పెట్టాను. నా చేతికి గుర్తున్నట్టే పెట్టాను. కిటికీ గట్టు మీద మిగతా రాళ్ళ పక్కన దాన్ని నిలబెట్టి, బాణం ఉత్తరానికి తిప్పాను. కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద కూర్చోబుద్ధి కాలేదు.

తలుపు వేసి, తాళం వేసి, బయటికొచ్చాను. వ్యాను దాకా పోయానో లేదో, డోర్నకల్ దిక్కు నుంచి గూడ్సు కూత వినిపించింది. బొగ్గు బండి. పెట్టెలు ఒకదాని వెనక ఒకటి, తెగకుండా పోతూనే ఉన్నాయి. కాళ్ళ కింద నేల సన్నగా అదిరింది. బండి దూరమై, చప్పుడు పూర్తిగా పోయేదాకా అక్కడే నిలబడ్డాను.

వెనక్కి వెళ్ళి తాళం తీశాను.